సిపానీ డాల్ఫిన్ ఫైబర్ బాడీకి మళ్ళీ రంగు వేయించాలి, పని తెలిసినవాళ్ళు ఎక్కడున్నారు?

గుంటూరు_డాల్ఫిన్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1984 నాటి సిపానీ డాల్ఫిన్ ఉంది. ఈ బండి పేరు వినని కుర్రాళ్ళ కోసం ఒక ముక్క: ఇంగ్లండ్‌లో రిలయంట్ కంపెనీ 1975 నుంచి 1982 దాకా కిటెన్ అనే బుల్లి కారు తయారుచేసింది. అదే మన బెంగళూరులో డాల్ఫిన్ అయింది. 848 సీసీ అల్యూమినియం ఇంజను, కింద ఇనప చాసిస్, పైన బాడీ అంతా ఫైబర్, అంటే గాజు పోగుల్ని రెసిన్ అనే జిగురుతో బిగించింది. మారుతి 800 రోడ్డెక్కాక పాపం దీన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

ఇంజను, బ్రేకులు, వైరింగు అన్నీ ఒక దారికొచ్చాయి. మిగిలింది పెయింటింగే. ఇప్పుడు బండి మీద రంగు మీద రంగు కనీసం మూడు పూతలున్నాయి. తలుపు కీళ్ళ చుట్టూ నక్షత్రంలా సన్నటి పగుళ్ళు. బానెట్ మీద చిన్న చిన్న బొబ్బలు.

గుంటూరు, విజయవాడల్లో షెడ్లు తిరిగితే మూడు రకాల జవాబులొచ్చాయి. ఒకాయన బాడీ మీద వేలితో కొట్టి "ఫైబరా? మా వల్ల కాదండీ" అన్నాడు. ఇంకొకాయన "రిమూవర్ కొడితే పూటలో రంగంతా లేచిపోద్ది, అదెంత పని" అన్నాడు. మూడోది అద్దాల తలుపుల పెద్ద షాపు. అక్కడ బూత్‌లో పెట్టి 80 డిగ్రీల్లో బేక్ చేస్తాం, మెరుపు చూసుకోండి అన్నారు.

ముదురు మెరూన్ మెటాలిక్ వేయించాలని నా కోరిక. ఫైబర్ కార్లు మాత్రమే చేసే స్పెషలిస్టు మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా ఉన్నారా?

సనత్‌నగర్_సూరి:
అన్నా, డాల్ఫిన్ అని చెప్పి ఫోటో పెట్టకపోతే ఎట్లనే!

గుంటూరు_డాల్ఫిన్:
పెట్టాను చూడు తమ్ముడూ. ఎడమ తలుపు దగ్గర తీసిన ఫోటో పెద్దది చేసి చూడండి, పగుళ్ళు తెలుస్తాయి.

కాకినాడ_పడవలు:
గుంటూరు గారూ, నేను కారు మనిషిని కానండి. ఫైబర్ పడవలు చేస్తాం, రిపేర్లూ మావే. మీ మూడు షాపుల్లో నయం ఎవరంటే, వల్ల కాదన్న మొదటాయనండి. ఆయన నిజం చెప్పాడు.

రిమూవర్ మాట ఎత్తినాయన దగ్గరికి మాత్రం ఇంకోసారి వెళ్ళకండి. మామూలు పెయింట్ రిమూవర్లలో ఎక్కువగా మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. ఇనప రేకు మీదైతే రంగుని తినేసి రేకు దగ్గర ఆగిపోద్ది. ఫైబర్‌కి పైన ఉండే నున్నటి పొర, జెల్‌కోటు, అదీ పాలిస్టర్ రెసినే. దానికి రంగేదో, జెల్‌కోటేదో తెలీదు కదండీ. రెండింటినీ మెత్తబరిచి లోపలున్న గాజు పోగుల మ్యాట్ దాకా దిగిపోద్ది. పైన ఎంత కడిగినా లోపలికి దిగింది బయటికి రాదు. కొత్త రంగేసిన కొన్నాళ్ళకి అదే ఆవిరై బొబ్బల కింద లేస్తుంది. మీ బానెట్ మీద బొబ్బలకి కారణం ఇదివరకెప్పుడో ఎవరో చేసిన ఇలాంటి పనే అయ్యుండొచ్చు, లేదా తడి ఆరకుండా రంగేసి ఉండొచ్చు.

80 డిగ్రీల సంగతి కూడా అంతేనండి. మనం వాడే మామూలు పాలిస్టర్ రెసిన్ 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. రేకు బండికి పెట్టే వేడి దీనికి పెడితే లోపలున్న గాలి, తేమ ఉబ్బి రంగులో సూదిమొన బెజ్జాలు పడతాయి. తలుపులూ బానెట్టూ వంకర తిరిగే ప్రమాదం కూడా ఉంది.

కోవెంట్రీ_కృష్ణ:
కాకినాడ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, రిలయంట్ పుట్టిన టామ్‌వర్త్ మాకు దగ్గరే. నా దగ్గర రిలయంట్ సిమిటార్ జీటీఈ ఉంది, ఫోర్డ్ వీ6 ఇంజనుది. రాకుమారి ఆన్ నడిపిన మోడల్ అని ఇక్కడి ముసలాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఇక్కడ లోటస్, టీవీఆర్, రిలయంట్ లాంటి ఫైబర్ కార్ల బాడీలు మాత్రమే చేసే షాపులు వేరే ఉన్నాయి. వాళ్ళ దగ్గర నెలల తరబడి వరస. నాది చేసిన పెద్దాయన షెడ్డులో నేను మొదట చూసింది రంగు గన్ను కాదు, ఒక డబ్బా నిండా బ్లేడ్లు. పాత రంగుని బ్లేడుతో, పడుకోబెట్టిన కోణంలో, పొరలు పొరలుగా గీకుతాడు. జెల్‌కోటు కనపడగానే ఆపేసి ఆ చివరి పొరని గరుకు పేపరుతో తీస్తాడు. బిల్లులో సింహభాగం ఆ గోకుడుదే. రంగు వేయడం చివర్లో రెండు రోజుల ముచ్చట.

శాండ్ బ్లాస్టింగ్ అని ఎవరైనా అంటే దానికీ ఒప్పుకోవద్దు. ఇసుక జెల్‌కోటుని చీల్చి మ్యాట్‌ని బయటపెడుతుంది, ఆ తర్వాత మళ్ళీ బాడీ అంతా పూత పెట్టుకోవాలి.

ఒక సలహా. "ఫైబర్ కార్ పెయింటర్" అని వెతికితే మన దగ్గర దొరకడు. ఫైబర్ మనిషిని వేరే, పెయింటర్ని వేరే వెతుక్కోండి.

గుంటూరు_డాల్ఫిన్:
కృష్ణ గారూ, ఆ చివరి మాట కొంచెం వివరంగా చెప్తారా? ఇద్దరికి ఇస్తే పని చెడితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారేమో అని నా భయం.

బెజవాడ_బాడీబిల్డర్:
ఆ భయం అక్కర్లేదు బ్రదర్. ఆటోనగర్‌లో మేం రోజూ చేసేది అదే. ప్రైవేటు బస్సులకి ముందు షో, వెనక షో, అంటే ముందూ వెనకా ఉండే పెద్ద ప్యానెళ్ళు, బంపర్లు అన్నీ ఫైబరే. మోల్డు తీసేవాడు వేరు, పుట్టీ పెట్టేవాడు వేరు, గన్ను పట్టేవాడు వేరు. పగులు తీయాల్సింది ఫైబర్ వాడు. పెయింటర్‌కి పగుళ్ళు లేని గట్టి బాడీ అప్పజెప్పి, ఇద్దర్నీ ఒక పూట ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడించు. "ఇక్కడిదాకా నీది, ఇక్కణ్ణుంచి నీది" అని బాడీ మీదే చాక్‌పీసుతో గీయించు.

కానీ ఒకటి చెప్తా, ఏమనుకోవద్దు. బస్సు షోలు చేసే ప్రతివాడూ నీ కారుకి పనికిరాడు. బస్సు పనంటే తొందర. రెండు మిల్లీమీటర్ల పుట్టీ దట్టించి తోలేస్తారు, బస్సు ఎటూ ఏడాదికో గుద్దు గుద్దుకుంటది. నీ పనికి ఓపికున్న ముసలాయన కావాలి. అలాంటివాళ్ళు ఆటోనగర్‌లో ఉన్నారు, బోర్డులుండవు అంతే.

సనత్‌నగర్_సూరి:
మా కాకాకి సిపానీ మోంటానా ఉండె, డాల్ఫిన్‌కే నాలుగు తలుపులు పెట్టిన బండి. హైదరాబాద్‌ల ఒక షాపుల ఇచ్చిండు, పేరెందుకులే. కాకా నల్లరంగే కావాలని పట్టుబట్టిండు. డెలివరీ నాడు చూస్తే అద్దం లెక్క మెరుస్తుంది, మేమంత ఖుష్. తర్వాత ఎండకాలం అచ్చింది. టాప్ మీద, బానెట్ మీద లోపలున్న మ్యాట్ పోగులన్నీ పైకి తేలినయి, దుప్పటి నేత లెక్క. చేత్తో తడిమితే తెల్వది, పక్క నుంచి వెలుతుర్ల చూస్తే మాత్రం ఒక్కొక్క పోగు లెక్కపెట్టొచ్చు. షాపోడు "ఇది ఫైబర్ సార్, ఇట్లనే ఉంటది" అని చేతులు దులుపుకుండు.

అన్నా, మెరూన్ మెటాలిక్ అంటున్నవ్ గదా. మల్ల ఆలోచించు.

కాకినాడ_పడవలు:
సూరి గారు చెప్పింది బంగారం లాంటి మాటండి. మే నెల ఎండలో నల్ల ప్యానెల్ మీద చెయ్యి పెట్టలేం, 70 డిగ్రీలు దాటిపోద్ది. తెల్లదైతే చాలా తక్కువలో ఉంటుంది. రెసిన్ మెత్తబడేదీ ఆ 60, 70 దగ్గరే. అంటే నల్లరంగు వేసిన బండిని ఎండలో పెట్టడం, రోజూ దాన్ని ఓవెన్‌లో పెట్టి తీయడం ఒకటేనండి. వేడికి రెసిన్ ఇంకా బిగుసుకుని కుంగుతుంది, గాజు పోగు కుంగదు, అందుకని పోగు పైకి కనపడుతుంది. మేం పడవలకి తెలుపు, లేత నీలం ఎక్కువ వేసేది అందం కోసం కాదు.

గుంటూరు_డాల్ఫిన్:
మా పల్నాడు ఎండలు తెలుసుగా, రెంటచింతల మాకు పక్కనే. మెరూన్ ఆశ వదులుకోవాల్సిందేనా? గ్యారేజీలోనే ఉంటుంది కదా బండి, ఆదివారం పూట తిప్పడానికే.

టెక్సాస్_కార్వెట్:
వదులుకోనక్కర్లేదు అని నా అభిప్రాయం. నాది ఫైబర్ బాడీ కార్వెట్, ముదురు నీలం. టెక్సాస్ ఎండ మీ ఎండకి తీసిపోదు. బాడీ సరిగ్గా తయారుచేసి, ఎపాక్సీ ప్రైమర్‌తో (ఇంకో రకం రెసిన్‌తో చేసిన అడుగు పూత) మూసేసి, ఆ పైన మందంగా పట్టే హై బిల్డ్ ప్రైమర్ వేసి రుద్దిన తర్వాత ముదురు రంగు వేసినా నాకు పోగులు కనపడలేదు.

1953 నుంచి కార్వెట్ బాడీలు ఫైబరే కాబట్టి ఇక్కడ ఈ పనికి పెద్ద అనుభవం పోగుపడింది. మావాళ్ళ వరస ఇది: బ్లేడుతో గీకు, 80 నంబరు గరుకు పేపరు, తర్వాత 180, తర్వాత బాడీ మొత్తానికి ఎపాక్సీ. పుట్టీ పని ఎపాక్సీ మీదే.

కాకినాడ_పడవలు:
టెక్సాస్ గారూ, ఎపాక్సీ మీద పాలిస్టర్ పుట్టీ అంటే నేనొప్పుకోనండి. పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టుకోదు. ఎపాక్సీ పూర్తిగా ఆరకపోతే అందులోని హార్డ్‌నర్ (రెసిన్‌ని గట్టిపరిచే మందు) పాలిస్టర్‌ని గట్టిపడనివ్వదు. పడవల్లో ఇది ఓనమాలు.

టెక్సాస్_కార్వెట్:
మీరు చెప్పేది ఎపాక్సీ రెసిన్ విషయంలో నిజమే. నేనన్నది ఎపాక్సీ ప్రైమర్. కంపెనీ డబ్బా మీద ఇచ్చిన గడువులోపల పుట్టీ పెడితే పట్టుకుంటుంది. ఆ గడువు దాటితే గరుకు పేపరుతో రుద్ది పెట్టాలి. ఇక్కడ వేలమంది అలాగే చేస్తున్నారు.

కాకినాడ_పడవలు:
డబ్బా మీద రాసింది చదివి, గడియారం చూసుకుని పనిచేసే షాపు మీకు దొరికింది. మాకు దొరకాలి కదండీ. అందుకే పుట్టీ, మ్యాట్ పనంతా ముందే ముగించుకుని, ఆఖర్న ఎపాక్సీతో మూసేస్తే ఎవరి చేతిలోనైనా చెడదు. మన దగ్గర దీన్నే పాటించమంటాను.

కోవెంట్రీ_కృష్ణ:
మధ్యలో దూరుతున్నా. టెక్సాస్ గారూ, మీ కార్వెట్ ఏ ఏడాదిది? 1970ల మొదట్లో వాళ్ళు ఎస్‌ఎంసీకి మారారు కదా, అచ్చులో వేసి వేడితో నొక్కి తీసే ప్యానెళ్ళు. అది వేరు, డాల్ఫిన్‌ది చేత్తో పరిచిన మ్యాట్. ఎస్‌ఎంసీ ఎంతో నున్నగా, సమానంగా ఉంటుంది. ముదురు రంగు దాని మీద నిలిచింది కాబట్టి దీని మీదా నిలుస్తుందనలేం.

టెక్సాస్_కార్వెట్:
నాది 1979. అవును, ఎస్‌ఎంసీనే. ఆ తేడా నేను లెక్కలోకి తీసుకోలేదు, సరే, రంగు విషయంలో కాకినాడ గారి మాటే వినండి. గుంటూరు గారు తన బండి ఏ రకమో చూసుకోవాలంటే తలుపు లోపలి అట్ట, అదే కార్డు, విప్పి వెనక వైపు తడిమితే చాలు. గరుకుగా, పోగులు కనపడుతూ ఉంటే చేత్తో పరిచింది. రెండు వైపులా నున్నగా ఉంటే అచ్చుది. ఎస్‌ఎంసీకి మామూలు పాలిస్టర్ రెసిన్ సరిగా అతుక్కోదు, దానికి వేరే జిగురు కావాలి. మీకా బాధ లేదనుకుంటాను.

గుంటూరు_డాల్ఫిన్:
విప్పి చూశాను. గరుకే. అరచేతికి రెండు పోగులు గుచ్చుకున్నాయి కూడా.

కాకినాడ_పడవలు:
ముల్లు తీసినట్టు తీసేయండి, గోకొద్దు. తలుపు ఎలాగూ విప్పారు కాబట్టి ఇంకో పని చేయండి. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని బాడీ అంతా టకటకా కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట, లేదా పుట్టీ మందంగా ఉన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. అక్కడ పెన్సిల్‌తో గీసుకోండి. రేకు బండికైతే అయస్కాంతం పెట్టి పుట్టీ ఎక్కడుందో చెప్పొచ్చు, పెయింట్ మందం చూసే చిన్న మీటరూ ఉంటుంది. ఫైబర్ మీద ఆ రెండూ పనిచేయవు. చెవే మీటరు.

పగుళ్ళకి ఇంకో చిట్కా. గుడ్డ మీద కాస్త స్పిరిట్ వేసి ఆ చోట తుడవండి. చుట్టూ ఉన్నది ఆరిపోతుంది, పగులులో దిగిన తడి మాత్రం కాసేపు నిలుస్తుంది. అప్పుడు పగులు ఎక్కడిదాకా పోయిందో గీత గీసినట్టు కనపడుతుంది. కంటికి కనపడేదానికంటే అది పొడుగుండటం ఖాయం.

గుంటూరు_డాల్ఫిన్:
కొట్టాను, తుడిచాను. ఎడమ తలుపు కింది కీలు దగ్గర పగులు నేననుకున్నదానికి రెట్టింపుంది, స్తంభం మీదికి పాకింది. కుడి వెనక చక్రం పైన అరచేతి మేర మొద్దు శబ్దం. బానెట్ అంచున ఇంకో చోట. మిగతా అంతా గట్టిగానే మోగింది.

బెజవాడ_బాడీబిల్డర్:
చక్రం పైన మోగనిది పాత గుద్దు అయ్యుంటది. విప్పితే కింద పుట్టీ కొండ బయటపడద్ది చూడు.

కాకినాడ_పడవలు:
కీలు దగ్గర పగులు పైన పైన పుట్టీ పెడితే ఆర్నెల్లలో మళ్ళీ తేలుతుందండి. ఎందుకంటే పగులు పైన వచ్చినా దాని కారణం కింద ఉంది. తలుపు బరువంతా ఆ రెండు బోల్టుల మీద ఊగుతుంది, అక్కడ ఫైబర్ పొరలు వంగుతాయి, జెల్‌కోటు వంగలేక పగులుతుంది. కాబట్టి ముందు వెనక వైపు బలం పెట్టాలి.

మేం చేసే పద్ధతి చెప్తాను, మీ పనివాడు ఇంచుమించు ఇలాగే చెప్పాలి. వెనక వైపు గరుకు పేపరుతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, చదరపు మీటరుకి 450 గ్రాముల మ్యాట్ రెండు మూడు పొరలు, ఒక్కో పొర కిందిదానికంటే వెడల్పుగా. ఒక పొర ఆరితే దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. రోలర్‌తో గాలి మొత్తం బయటికి నొక్కాలి, తెల్లటి మచ్చ ఎక్కడున్నా అక్కడ గాలి ఉన్నట్టే. అది గట్టిపడ్డాక ముందు వైపు పగులుని వీ ఆకారంలో గాడి తీసి, గట్టి ఫైబర్ తగిలేదాకా తవ్వి, సన్న టిష్యూ మ్యాట్, రెసిన్‌తో నింపాలి. చివరి పైపూతకి మాత్రమే పుట్టీ.

రెసిన్‌లో హార్డ్‌నర్ ఒకటి నుంచి రెండు శాతం. ఎండాకాలంలో ఒకటే చాలు, ఎక్కువేస్తే గిన్నెలోనే పొగలొస్తాయి. ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో రాసుకోండి: రెసిన్‌ని తొందరగా గట్టిపడేలా చేసే యాక్సిలరేటర్‌నీ, హార్డ్‌నర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. పేలుతుంది. ముందు రెసిన్‌లో యాక్సిలరేటర్ కలిపి, బాగా తిప్పాక, అప్పుడు హార్డ్‌నర్.

ఆరిన రెసిన్ పైన జిగటగా గానీ మైనంలా గానీ ఉంటే, రుద్దే ముందే అసిటోన్‌తో తుడవాలి. తుడవకుండా పేపరేస్తే ఆ మైనాన్ని బాడీలోకి రుద్దినట్టవుతుంది, రంగులో చేపకన్నుల్లాంటి గుంటలు పడతాయి.

ఇంకొకటి, మీ బాడీ నలభై ఏళ్ళనాడే కుంగాల్సినంత కుంగిపోయింది. కొత్తగా పెట్టిన అతుకు ఇంకా కుంగుతూనే ఉంటుంది. వెంటనే రంగేస్తే కొన్ని నెలలకి అతుకు అంచు బొమ్మకట్టినట్టు కనపడుతుంది. కనీసం కొన్ని వారాలు ఎండ తగిలే పొడి చోట వదిలేయమని చెప్పండి.

సనత్‌నగర్_సూరి:
కాకినాడ అన్నా, దండాలు. ఇదంత మా కాకాకి అప్పుడు తెల్సుంటే నల్ల మోంటానా అమ్ముకుంటుండె కాదు.

విశాఖ_ఆర్సీ:
రంగు మారుస్తానంటున్నారు కాబట్టి ఒక మాట. ఆర్సీలో రంగు రాసుంటుంది. వేరే రంగు వేస్తే దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఎక్కించుకోవాలి, లేకపోతే ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు ఇబ్బంది. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం దానికి 50 ఏళ్ళు నిండాలి. 1984 బండికి 2034 దాకా ఆగాలి.

గుంటూరు_డాల్ఫిన్:
నా ఆర్సీలో తెలుపు అని ఉంది. ఇంక మెరూన్ మాట ఎత్తనులెండి. మా ఆవిడ కూడా మొదట్నించీ తెలుపే అంటోంది, ఇవాళ ఈ పేజీ అంతా చదివి నవ్వుతోంది.

కోవెంట్రీ_కృష్ణ:
తెలుపు మంచి నిర్ణయం. ఇప్పుడు పనివాణ్ణి ఎంచుకునే సంగతికొద్దాం. నేనైతే ఆయన్ని ధర అడగను ముందు. "పాత రంగు ఎలా తీస్తారు?" అని అడుగుతాను. రిమూవర్ అంటే లేచి వచ్చేయడమే. "రంగేశాక ఎంత వేడి పెడతారు?" అంటే, వేడి పెట్టం, లేదా 50 డిగ్రీలు దాటనివ్వం అనాలి. "పగులుకి ఏం చేస్తారు?" అంటే చెయ్యి బాడీ వెనక వైపుకి వెళ్ళాలి. నోటితో చెప్పకపోయినా చెయ్యి అటు వెళితే చాలు, ఆయనకి పని తెలుసు.

ఆ తర్వాత మొత్తం బండి ఇవ్వొద్దు. బానెట్ విప్పి ఇవ్వండి. అది తీసుకుని ఒక ఎండాకాలం ఎండలో పెట్టి చూడండి.

బెజవాడ_బాడీబిల్డర్:
ఎండాకాలం మొత్తం ఆగమంటే మనవాళ్ళు ఆగుతారా కృష్ణ గారూ! ఓ నెల చాలు మా ఎండకి.

బ్రదర్, మా వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు, బస్సు షోలకి మోల్డులు చేసేవాడు. ఇప్పుడు వయసైపోయి పెద్ద పనులు ఒప్పుకోట్లేదు. అడిగి చూస్తా. పెయింటర్ మా దగ్గరే ఉన్నాడు, పాత అంబాసిడర్లు, ఫియట్లు చేసిన చెయ్యి. మనిషి మాట తక్కువ, పని నిదానం.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటా, పీయూ (పాలీయురేథేన్) పెయింటా?

టెక్సాస్_కార్వెట్:
పీయూ. తెలుపే కాబట్టి సింగిల్ స్టేజ్ పీయూ చాలు, పైన క్లియర్ అనే రంగులేని పూత అక్కర్లేదు. క్లియర్ లేకపోతే తర్వాత ఎక్కడైనా గీత పడితే ఆ ముక్కని పాలిష్ చేసుకోవడం తేలిక. కానీ పీయూ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. మూతికి జేబురుమాలు కట్టుకుని కొట్టేవాళ్ళని మన ఊళ్ళలో చూశాను. ఊపిరితిత్తులకి అది చాలా చెడ్డది, ఒకసారి పడకపోతే ఆపైన కొంచెం వాసన తగిలినా ఆయాసం వస్తుంది. బయటి గాలి పైపు ఉన్న మాస్కు ఉండాలి. పనివాడికి లేకపోతే మీరే ఏర్పాటు చేయండి, బండి ఖర్చులో అదెంత.

కాకినాడ_పడవలు:
వానాకాలంలో మాత్రం కొట్టించకండి. పీయూ హార్డ్‌నర్‌కి తేమ తగిలితే బుడగలొస్తాయి. రంగు తీసేసిన ఫైబర్ కూడా గాలిలో తేమని కొంత పీల్చుకుంటుంది. గీకిన బాడీని వర్షాకాలమంతా షెడ్డులో ఉంచి, దసరా దాటాక పొడి గాలి మొదలయ్యాక రంగెయ్యడం మంచిది.

రుద్దేటప్పుడు దుమ్ము దగ్గర జాగ్రత్త. మాస్కు, నిండు చేతుల చొక్కా. సాయంత్రం చన్నీళ్ళ స్నానం ముందు, వేణ్ణీళ్ళు తర్వాత. మా కుర్రాళ్ళు చేతులకి పౌడరు రాసుకుని దిగుతారు.

బెజవాడ_బాడీబిల్డర్:
పెద్దాయన ఒప్పుకున్నాడు. కారు పేరు చెప్పగానే "ఆ బండి నేను కొత్తలో చూశా, బందరు రోడ్డులో ఒక డాక్టరు గారికి ఉండేది" అన్నాడు. ఒక షరతు పెట్టాడు: తొందరపెడితే బండి బయట పెట్టేస్తా అని.

గుంటూరు_డాల్ఫిన్:
వెళ్ళొచ్చాను. కృష్ణ గారి ప్రశ్నలు అడిగే అవసరమే రాలేదు. నేను పగులు చూపించేలోపే ఆయన కార్డు విప్పి వెనక చెయ్యి పెట్టి "ఇక్కడ రెండు పొరలు లేవు, ఒకటే వేశాడు కంపెనీ వాడు" అన్నాడు. బానెట్ ఇచ్చి వచ్చాను.

సనత్‌నగర్_సూరి:
ఫోటోలు అన్నా ఫోటోలు.

గుంటూరు_డాల్ఫిన్:
బానెట్ వచ్చింది, ఫోటోలు ఇవిగో. గీకినప్పుడు పైన తెలుపు, దాని కింద పసుపు, దాని కింద మళ్ళీ తెలుపు బయటపడ్డాయి. పసుపు ఎవరు వేయించారో ఆ దేవుడికే తెలియాలి. పెయింటర్ గారు ప్రైమర్ మీద పల్చగా నల్ల పూత చల్లి, చెక్క దిమ్మకి పేపరు చుట్టి రుద్దారు. పల్లం ఉన్నచోట నల్లది మిగిలిపోతుంది, మిట్ట మీద పోతుంది. బొబ్బలున్న భాగంలో అలా రెండు చోట్ల నల్ల మచ్చలు మిగిలితే, మళ్ళీ ప్రైమర్ వేసి మళ్ళీ రుద్దారు. ఎండలో మేడ మీద పెట్టాను. ఇప్పటిదాకా పోగులేమీ తేలలేదు, పక్క నుంచి చూసినా.

దుమ్ము మాత్రం తెగ పడుతోందని పెయింటర్ గారు విసుక్కున్నారు. రేకు బండికి ఇంత పడదట.

కోవెంట్రీ_కృష్ణ:
అది స్టాటిక్. ఫైబర్ని రుద్దినా తుడిచినా విద్యుత్తు పైన నిలిచిపోతుంది, నేలకి పోయే దారి లేదు, దుమ్ముని లాగుతుంది. పొడిగుడ్డతో తుడవకుండా, రంగుకి ముందు యాంటీస్టాటిక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. నేల మీద నీళ్ళు చల్లినా కొంత నయం, కానీ తేమ పెరిగేంత కాదు.

గుంటూరు_డాల్ఫిన్:
మిగతా బాడీ కూడా ముగిసింది. చక్రం పైన మొద్దు శబ్దం కింద బాడీబిల్డర్ గారు చెప్పినట్టే వేలి మందం పుట్టీ ఉంది, దాని వెనక చిరిగిన మ్యాట్. అంతా తీసి కొత్తగా వేశారు. ముందు పెట్టిన గడువు దాటి చాలా కాలం పట్టింది, నేను నోరెత్తలేదు. తలుపులు బిగించాక ఎడమ తలుపు వేస్తే ఇప్పుడు ఒక్క చప్పుడుతో పడుతోంది.

ఒక చిక్కు వచ్చింది. లైట్లు బిగించాక వెనక బ్రేక్ లైటు, ఎడమ ఇండికేటర్ వెలగట్లేదు. బల్బులు బాగానే ఉన్నాయి. రంగుకి వెళ్ళేముందు వెలిగాయి.

బెజవాడ_బాడీబిల్డర్:
ఎర్త్ చూడు. బాడీ ఫైబర్ కదా, రేకు బండిలో లాగా లైటు స్క్రూ బిగిస్తే ఎర్త్ దొరకదు. ప్రతి లైటుకీ నల్ల వైరు విడిగా చాసిస్ దాకా ఉంటది. మావాళ్ళు మాస్కింగ్ చేసేప్పుడు ఆ రింగుల మీద ప్రైమర్ పడి ఉంటది. చాసిస్ దగ్గర బోల్టు విప్పి రింగు రుద్ది బిగించు.

గుంటూరు_డాల్ఫిన్:
అదే. రెండు రింగుల మీదా ప్రైమర్ ఉంది. వెలుగుతున్నాయి.

గచ్చిబౌలి_స్టార్మ్:
ఈ చర్చ మొత్తం చదివాను. నా దగ్గర శాన్ స్టార్మ్ ఉంది, గోవాలో తయారైన టూ సీటర్, రెనో 1149 సీసీ ఇంజను, ఇదీ ఫైబర్ బాడీనే. తలుపుల కింది సిల్స్ దగ్గర పగుళ్ళున్నాయి. విజయవాడ పెద్దాయన నంబరు ఇస్తారా? హైదరాబాద్ నుంచి ట్రక్కు మీద పంపడానికి సిద్ధమే.

బెజవాడ_బాడీబిల్డర్:
నంబరు ఇక్కడ పెట్టను, ఆయనకి ఫోన్లు గిట్టవు. మీకు మెసేజ్ చేశాను, నాకు ఫోన్ చేయండి, నేను తీసుకెళ్తా. వానలు తగ్గాక రమ్మన్నాడు. బండి మొత్తం కాకుండా ముందు ఒక ప్యానెల్ పట్టుకురండి.

గచ్చిబౌలి_స్టార్మ్:
థాంక్యూ అండి. రంగు నలుపు అనుకుంటున్నాను.

బెజవాడ_బాడీబిల్డర్:
ఆ మాట మాత్రం ఆయన ముందు అనొద్దు. పైన సూరి పోస్టు చదవండి మళ్ళీ.